పింగాణీ అతివాహకాలను వేడి చేసి అదిమితే ఏమవుతుంది?

ప్రశ్న: పింగాణీ తరహా అతివాహకాలను (బాగా చల్లబరిస్తే ఏ నిరోధమూ లేకుండా విద్యుత్తును ప్రవహింపనిచ్చే పదార్థాలను) బాగా వేడి చేసి, అధిక పీడనంతో అదిమితే వాటి గుణం మెరుగవుతుందని ఒకచోట, నశిస్తుందని మరొకచోట చదివాను. ఏది నిజం?

జవాబు: రెండూ నిజమే. తయారైన పదార్థాన్ని అదిమి, ఆ పీడనంలో ఉండగానే పరీక్షించడం వేరు. కొలిమిలో కాల్చే దశలోనే పీడనం ప్రయోగించడం వేరు. మీరు చదివినచోట ఈ తేడా చెప్పి ఉండకపోవచ్చు.

మొదటిదానికి గొప్ప చరిత్ర ఉంది. 1986లో బెడ్నార్జ్, ముల్లర్ అనే శాస్త్రవేత్తలు లాంథనం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన పదార్థంలో సుమారు 30 కెల్విన్ల (సున్నాకు దిగువన 243 డిగ్రీల సెల్సియస్) వద్ద అతివాహకత ఆనవాళ్లను కనుగొన్నారు. భౌతిక శాస్త్రవేత్త పాల్ చూ బృందం దానిని అదిమి చూడగా అతివాహకత మొదలయ్యే ఆ ఉష్ణోగ్రత 50 కెల్విన్లు దాటింది. లోహ అతివాహకాలలో చాలావాటికి పీడనం వల్ల ఈ ఉష్ణోగ్రత తగ్గుతుంది కనుక ఇది అనూహ్యమైన ఫలితం. బయటినుంచి అదిమే బదులు, లాంథనం స్థానంలో అంతకంటే చిన్నదైన యిట్రియం పరమాణువును చేర్చి స్ఫటికాన్ని లోపలినుంచే బిగించవచ్చుననే ఆలోచన అక్కడే బలపడింది. 1987లో వచ్చిన యిట్రియం పదార్థం 93 కెల్విన్ల వద్దనే, అంటే ద్రవ నైట్రోజన్ మరిగే 77 కెల్విన్లకు పైనే, అతివాహకమైంది. పాదరసం ఉన్న మరో పదార్థం మామూలు పీడనంలో సుమారు 134 కెల్విన్లకు, వాతావరణ పీడనానికి దాదాపు మూడు లక్షల రెట్ల పీడనంలో 164 కెల్విన్లకు చేరింది. పీడనం వల్ల పొరలు దగ్గరవడమే కాక, రాగి, ఆక్సిజన్ ఉన్న పొరలలో విద్యుదావేశం మోసే ‘రంధ్రాల’ (ఎలక్ట్రాన్ లేని ఖాళీ స్థానాల) సంఖ్య కూడా మారుతుంది. ఆ సంఖ్య ముందే సరిపడా ఉన్న పదార్థానికి, ఉదాహరణకు ఆక్సిజన్ నిండుగా ఉన్న యిట్రియం పదార్థానికి, పీడనం వల్ల కలిగే లాభం స్వల్పమే.

ఇక వేడి విషయానికి వస్తే, నా దృష్టిలో అసలు కథ ఆక్సిజన్‌దే. యిట్రియం పదార్థాన్ని 900 డిగ్రీల సెల్సియస్‌కు పైన కాల్చినప్పుడు పొడిలోని గింజలు అతుక్కుంటాయి, కానీ ఆ వేడికి స్ఫటికంలోని ఆక్సిజన్ కొంత వెళ్లిపోతుంది. ఆ స్థితిలోనే చప్పున చల్లారిస్తే మిగిలేది అతివాహకం కాదు. అందుకే ఆక్సిజన్ ప్రవాహంలో నెమ్మదిగా చల్లారుస్తూ, 400–500 డిగ్రీల మధ్య చాలా గంటలు ఉంచుతారు. వేడిలోనే గట్టిగా అదిమి చేసిన దిమ్మ సాంద్రంగా ఉంటుంది, అయితే సూక్ష్మరంధ్రాలు మూసుకుపోవడం వల్ల ఆక్సిజన్ తిరిగి లోపలికి చేరడం కష్టమవుతుంది. అతివాహకత నశించిందని మీరు చదివినది బహుశా ఇటువంటి సందర్భమే.

బిస్మత్ ఉన్న అతివాహకంతో చేసిన తీగలలో మాత్రం వేడి, పీడనం కలిసి మేలు చేస్తాయి. వెండి తొడుగులోని పొడి కరిగే వేళ వాయు బుడగలు ఏర్పడి విద్యుత్ మార్గాన్ని తెంచుతాయి. వాతావరణ పీడనానికి 50 నుంచి 100 రెట్ల వాయుపీడనంలో, సుమారు 890 డిగ్రీల వద్ద కాలిస్తే అవి అణగిపోతాయి. అతివాహకత మొదలయ్యే ఉష్ణోగ్రత దాదాపు ఉన్నచోటే ఉంటుంది. తీగ మోయగల విద్యుత్ ప్రవాహం కొన్ని రెట్లు పెరుగుతుంది.