ఆర్వీలో అమ్మానాన్నలకు పడక: కింద ఏం వేయాలి, పైన ఏం కప్పాలి

వేసవి సెలవులు దగ్గర పడ్డాయంటే అమెరికాలోని మనవాళ్ల నుంచి ఈ ప్రశ్న వచ్చేస్తుంది. "అమ్మానాన్న ఇండియా నుంచి వస్తున్నారు, మాకు ఇద్దరు పిల్లలు. జూలైలో ఆర్వీ అద్దెకు తీసుకుని యెల్లోస్టోన్ నేషనల్ పార్కుకు వెళ్దామనుకుంటున్నాం. పడుకోవడానికి ఏమేం కొనాలి?" ఆర్వీ అంటే మంచాలు, వంటగది, బాత్రూమ్ అన్నీ ఉన్న బండి. కొనడం సంగతి తర్వాత. ముందు ఎవరు ఎక్కడ పడుకుంటారో తేల్చుకోండి. పరుపు ఎంత మెత్తగా ఉన్నా, దాని మీదికి ఎక్కలేని మనిషికి అది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

కొత్తగా వచ్చిన కుటుంబాలు ఎక్కువగా తీసుకునేది క్లాస్ సి రకం బండి. ముందు వ్యాన్ ముఖం, డ్రైవరు నెత్తిమీద ఒక బంక్, మధ్యలో డైనింగ్ బల్ల, కొన్నిట్లో సోఫా, వెనక పెద్ద మంచం. ప్రకటనలో "ఏడుగురు పడుకోవచ్చు" అని ఉంటుంది. ఆ ఏడుగురిలో ఇద్దరు భోజనాల బల్ల మీద, ఇద్దరు లేచి కూర్చుంటే తల పైకప్పుకు కొట్టుకునే బంక్ మీద అన్నమాట. నన్నడిగితే నలుగురు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు దాటితే అది పెళ్లివారి విడిదే.

వెనక మంచం పెద్దవాళ్లకు ఇవ్వాలని అందరికీ తెలుసు. తెలియనిది ఏమిటంటే, చాలా బండ్లలో ఆ మంచం మూలన గోడకు ఆనుకుని ఉంటుంది. గోడవైపు పడుకున్నవాళ్లు రాత్రి బాత్రూమ్‌కి లేవాలంటే ఇవతల పడుకున్నవాళ్లను దాటుకుని రావాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు, రాత్రి లేవక తప్పని నాన్నకు అది నరకం. బుక్ చేసేటప్పుడే లోపలి ప్లాన్ బొమ్మ చూసి, రెండువైపులా దిగే వీలున్న ఐలాండ్ బెడ్ ఉన్న బండి ఎంచుకోండి. కొంచెం డబ్బు ఎక్కువైనా సరే, పరుపుల మీద పెట్టే ఖర్చు కన్నా ఇది మేలు.

పైన బంక్ పిల్లలకు బాగుంటుంది, వాళ్లే దానికోసం కొట్టుకుంటారు. కానీ అది ఎంత బరువు మోస్తుందో చెప్పే స్టిక్కరు అక్కడే ఉంటుంది, చదవండి. పడిపోకుండా అడ్డుగా నెట్ ఉందో లేదో చూడండి. నిద్రలో దొర్లే చిన్నపిల్లలను మాత్రం ఎక్కించొద్దు. ఇక బల్ల విప్పి చేసే మంచం మీకే. అందరి భోజనాలూ అయితే గానీ అది మంచం కాదు, పొద్దున కాఫీ వేళకి మళ్లీ బల్ల కావాలి. ఆలస్యంగా పడుకుని అందరికన్నా ముందు లేచేవాళ్లకే అది కుదురుతుంది, అంటే అత్తామామలు ఇంట్లో ఉన్న కోడలికీ కొడుక్కీ.

కొలతల దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఇంట్లో క్వీన్ మంచం 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు. ఆర్వీల్లో షార్ట్ క్వీన్ అని ఒకటి ఉంటుంది, వెడల్పు అంతే గానీ పొడవు 74, 75 అంగుళాలే. ఆరడుగుల మనిషి దిండు మీద తల పెడితే కాళ్లు గోడకు తగులుతాయి. పరుపు మందం కూడా తక్కువ, నాలుగు నుంచి ఆరు అంగుళాలు. ఇంట్లోని లోతు ఎక్కువ ఉన్న ఫిటెడ్ షీట్ దీనికి వేస్తే అర్ధరాత్రికల్లా ఊడి కాళ్ల దగ్గర ముద్దయి ఉంటుంది. దానికోసం ప్రత్యేకంగా షార్ట్ క్వీన్ షీట్లు కొనక్కర్లేదు. మామూలు క్వీన్ సైజు దుప్పటి, అంచులకు ఎలాస్టిక్ లేనిది, నాలుగువైపులా పరుపు కిందికి దోపేయండి. కావాలంటే మూలలు పట్టి ఉంచే ఎలాస్టిక్ క్లిప్పులు దొరుకుతాయి. సోలాపూర్ దుప్పట్లు మీ ఇంట్లో ఉంటే అవే తీసుకెళ్లండి, అంతకన్నా బాగా ఒదిగేవి ఇక్కడ దొరకవు.

ఇప్పుడు అసలు విషయం. అందరూ కప్పుకునేదాని మీద ఖర్చు పెడతారు, నేను కింద వేసుకునేదాని మీద పెట్టమంటాను. బంక్, బల్ల మంచం రెండూ చెక్క మీద పలచటి ఫోమ్. ఒళ్లు ఆనిన చోట ఫోమ్ నలిగి ఇంకా పలచనవుతుంది, కింద నుంచి చలి ఎక్కుతుంది. పైన ఎన్ని కప్పినా ఆ చలి ఆగదు. పరుపు మీద పరిచే మెత్త, టాపర్ అంటారు, రెండు మూడు అంగుళాలది ఒకటి వేస్తే నడుముకూ సుఖం, చలికీ అడ్డు. మెమరీ ఫోమ్ చలికి గట్టిపడుతుంది. దాని మీద పడుకోగానే రాయిలా అనిపించి, ఒంటి వేడికి మెత్తబడేసరికి కాసేపు పడుతుంది. కొండ ప్రాంతాలకు వెళ్లేవాళ్లు మామూలు ఫోమో, లేటెక్సో చూసుకోవడం నయం. పెద్దదైతే బ్రెడ్ కోసే పళ్ల కత్తితో సైజుకు కోసుకోవచ్చు.

బల్ల మంచంలో ఇంకో తిప్పలు ఉంది. కూర్చునే కుషన్లూ ఆనుకునే కుషన్లూ కలిపి పరిస్తేనే అది మంచమవుతుంది, వాటి మధ్య సందులు ఉంటాయి. ఆ సందు సరిగ్గా నడుము కిందికే వస్తుంది. కుషన్ల మీద ముందు గట్టిగా ఉండే జంపఖానా పరిచి, దానిపైన టాపర్ వేస్తే సందు తెలియదు. వరంగల్ జంపఖానా ఎవరైనా తెచ్చుకుని ఉంటే అది హాల్లో అలంకారానికి కాదు, ఇందుకే. లేకపోతే యోగా మ్యాట్ కూడా పనికొస్తుంది.

చలి గురించి ఇండియా నుంచి వచ్చినవాళ్లు నమ్మరు. జూలై కదా అంటారు. యెల్లోస్టోన్ సరస్సు సముద్రమట్టానికి 7,700 అడుగుల పైన ఉంది. వేసవిలో కూడా ఎత్తు ప్రదేశాల్లో రాత్రి 32 ఫారెన్‌హీట్ కిందికి పోయే రోజులుంటాయి. గ్రాండ్ క్యాన్యన్ సౌత్ రిమ్ కూడా 7,000 అడుగుల దాకా ఉంటుంది, పగలు టీషర్టు, రాత్రి స్వెట్టరు.

"బండిలో హీటర్ ఉందిగా" అంటారు. ఉంది. అది ప్రొపేన్‌తో మండుతుంది, కానీ వేడిగాలి తోసే ఫ్యాన్ తిరిగేది బ్యాటరీతో. కరెంటు కనెక్షన్ లేని క్యాంప్‌గ్రౌండ్‌లో రాత్రంతా అది తిరిగితే తెల్లవారుజామున బ్యాటరీ చచ్చిపోతుంది, హీటర్ ఆగిపోతుంది. నేషనల్ పార్కుల్లో రాత్రివేళ జనరేటర్ వేయనివ్వరు. యెల్లోస్టోన్ లోపల కరెంటు, నీళ్లు అన్నీ ఉన్న క్యాంప్‌గ్రౌండ్ ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్క్ ఒక్కటే, అది తొందరగా నిండిపోతుంది. అందుకని హీటర్ లేకపోయినా నిద్రపట్టేలా పడక ఏర్పాటు చేసుకుని, హీటర్‌ను తక్కువలో పెట్టుకోండి. దాని ఫ్యాన్ రాత్రంతా ఆగుతూ మోగుతూ ఉంటుంది, తేలిక నిద్ర ఉన్నవాళ్లకు ఇయర్‌ప్లగ్స్ ఇవ్వండి.

పైన కప్పుకోవడానికి ఒకటే బరువైన కంఫర్టర్ వద్దు. లోపల పలచటి ఫ్లీస్, పైన ఒక మోస్తరు పాలియెస్టర్ రజాయి, ఇలా పొరలుగా ఉంటే అర్ధరాత్రి ఒకటి తీసేయొచ్చు, ఒకటి లాక్కోవచ్చు. అమ్మ చేతి పాత చీరల బొంత అంటే నాకూ ఇష్టమే, కానీ నూలు తేమ పీల్చుకుంటుంది, ఆరదు, బరువు. దాన్ని ఇంట్లోనే ఉంచండి. పిల్లలకు స్లీపింగ్ బ్యాగులు బాగుంటాయి. వాటి మీద 20 డిగ్రీలు (ఫారెన్‌హీట్) అని అచ్చేసిన అంకె చాలావాటిలో తట్టుకోగల హద్దు, హాయిగా నిద్రపట్టే చలి కాదు, కాబట్టి పది పదిహేను డిగ్రీలు పైన లెక్క వేసుకోండి. పెద్దవాళ్లు అందులో దూరరు, కాళ్లు కట్టేసినట్టుంటుంది అంటారు. జిప్పు పూర్తిగా విప్పి రజాయిలా కప్పండి.

ఎలక్ట్రిక్ బ్లాంకెట్ మంచిదే, కరెంటు ఉన్న చోట. చాలా అద్దె బండ్లలో గోడ ప్లగ్గులు బయటి కరెంటో జనరేటరో ఉంటే తప్ప పని చేయవు. నాన్నగారికి గురకకు సీప్యాప్ మెషిన్ (నిద్రలో మాస్కు ద్వారా గాలి తోసేది) ఉంటే ఈ ముక్క ఇంకా ముఖ్యం, కరెంటు సైటే బుక్ చేయండి, లేదా దానికి తగ్గ బ్యాటరీ తీసుకెళ్లండి. కరెంటు లేని రాత్రికి మన రబ్బరు హాట్ వాటర్ బ్యాగ్‌ని మించింది లేదు, పడుకునే ముందు కాళ్ల దగ్గర పెట్టండి. మంకీ క్యాప్ పెట్టుకుంటే మనవళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

స్టవ్ వెలిగించి లోపల వెచ్చచేసుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. మొదటి రోజే బండిలోని కార్బన్ మోనాక్సైడ్ అలారం నొక్కి చూడండి. మంచం కిందో సోఫా కిందో హీటర్‌కి గాలి పోయే జాలీ ఉంటుంది, దుప్పట్ల మూటలు దానికి అడ్డం పెట్టకండి.

బండి ఆపినప్పుడు నేల వాలుగా ఉంటే తల వైపు ఎత్తు ఉండాలి. తల పల్లంలో పెట్టుకుని పడుకుంటే పొద్దున తలనొప్పే. చక్రాల కింద పెట్టే లెవెలింగ్ బ్లాకులు అందుకే. ఉత్తరం తల పెట్టకూడదు అని అమ్మ తప్పకుండా అంటుంది. ఫోన్‌లో దిక్సూచి చూసి బండిని ముందే సరైన వైపు తిప్పి పెట్టుకోండి, అన్నిసార్లూ కుదరదు. కుదరకపోతే దిండు ఇటు నుంచి అటు మార్చుకోండి, వాలు మాత్రం చూసుకోండి.

ఆరుగురి ఊపిరి ఆ చిన్న డబ్బాలో రాత్రంతా ఆవిరై కిటికీలకు, గోడలకు నీటి చుక్కల్లా పడుతుంది. ఎంత చలైనా పైకప్పులో గాలి పోయే వెంట్ ఒక్క అంగుళం తెరిచి ఉంచండి. పొద్దున పరుపు అంచు ఎత్తి కాసేపు గాలి తగలనివ్వండి. పోపు సంగతి ఇంకొకటి. లోపల ఇంగువ పోపు పెడితే ఆ వాసన దుప్పట్లకు, దిండు గలీబులకు పట్టి చివరి రోజు దాకా పోదు. బయట క్యాంప్ స్టవ్ మీద వండుకోండి, ఎలుగుబంట్లు తిరిగే చోట తినగానే గిన్నె దగ్గర నుంచి అన్నీ లోపల పెట్టేసి తలుపు వేయండి.

బండి నడుస్తున్నప్పుడు వెనక మంచం మీద నడుం వాలుస్తానని నాన్న అంటారు. వద్దనండి. ఆ మంచానికి సీటు బెల్టు లేదు. అవసరమైతే గంటకోసారి ఆపండి. బంక్ మీద పోగుపెట్టిన పరుపులు కూడా బ్రేక్ వేస్తే మీద పడతాయి. దుప్పట్లను పెద్ద దిండు గలీబుల్లో కుక్కి మూతి కట్టేస్తే పగలు సోఫా దిండ్లవుతాయి, చోటూ మిగులుతుంది.

అద్దె కంపెనీలు మనిషికి ఇంత అని తీసుకుని దుప్పటి, దిండు, టవలు కిట్ ఇస్తాయి. విమానంలో వెళ్లి అక్కడ బండి ఎక్కేవాళ్లకు అదే నయం. ఇంటి దగ్గరే ఎక్కేవాళ్లు మాత్రం ఇంట్లోవే పట్టుకెళ్లండి. దిండు మరీ ముఖ్యం, అలవాటైన దిండు లేకపోతే పెద్దవాళ్లకు మెడ పట్టేస్తుంది. ఏది తీసుకెళ్లినా మామూలు వాషింగ్ మెషిన్‌లో పట్టేదై ఉండాలి, ఎందుకంటే దారిలో ఉతకాల్సింది క్యాంప్‌గ్రౌండ్ లాండ్రీలోనే.

ఒకట్రెండు ట్రిప్పులయ్యాక పాత ట్రైలర్ (సొంత బండి వెనక తగిలించి లాగే ఆర్వీ) కొందామని కొందరికి మోజు పుడుతుంది. వెళ్లినప్పుడు సోఫా రంగు, టీవీ సైజు చూసి మురిసిపోకండి. పరుపు పూర్తిగా ఎత్తి కింద ప్లైవుడ్ చూడండి, చేత్తో నొక్కండి. నల్ల మచ్చలున్నా, చెక్క మెత్తగా దిగినా తేమ చాలాకాలంగా ఉందన్నమాట, ధర ఎంత తగ్గించినా వదిలేయండి. బాగుంటే కొన్నాక పాత పరుపు పారేసి, కొలత ఇచ్చి కొత్తది కోయించుకోండి, దాని కిందికి గాలి ఆడేలా జాలీ మ్యాట్ ఒకటి వేయండి.