పన్నెండుకు పన్నెండు

ఆటల మాస్టారికి పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి 2024లో అమెరికాలోని డెన్వర్ యూనివర్సిటీలో ఎమ్మెస్‌కి చేరాడు. చేరిన రెండు నెలలకే ఫోన్లో చదువు కబుర్లు తగ్గి ఐస్ హాకీ కబుర్లు మొదలయ్యాయి. "అమ్మా, మా కాలేజీ టీమ్ పన్నెండు ఆటలు ఆడింది, పన్నెండూ గెలిచింది" అని ఒకటే సంబరం. ఏప్రిల్లో కప్పు రాలేదని వాడు రెండు రోజులు సరిగ్గా తిండి తినలేదు. ఇప్పటికీ ఆ మాటెత్తితే ముఖం మాడ్చుకుంటాడు. చివర్లో ఓడిపోయాక, మొదట్లో గెలిచిన ఆ పన్నెండింటికి విలువేముంది? వాడికి ఏం చెప్పాలో తెలియక రాస్తున్నాను.
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఆ సీజన్ మొదట్లో వాళ్ళ ఆటలు రెండు నేను కళ్ళారా చూశాను. మా అమ్మాయి అక్కడే ఉద్యోగం చేస్తోంది. ఆ ఏడాది దసరా వెళ్ళాక నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్ళాం. ముప్ఫై ఏళ్ళు గుంటూరు జిల్లా స్కూళ్ళలో పిల్లలకి హాకీ నేర్పినవాణ్ణి కదా, నాన్నకి నచ్చుతుందని అమ్మాయి టికెట్లు కొనేసింది. శుక్రవారం రాత్రి ఒక ఆట, మళ్ళీ శనివారం అదే టీమ్‌తో ఇంకో ఆట. కాలేజీ ఐస్ హాకీలో ఎక్కువగా ఇలా జంటగానే ఆడతారు. మొదటి పది నిమిషాలు పక్, అదే బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ, ఎక్కడుందో నాకు కనిపించనేలేదు. మంచు మీద స్కేట్లు గీసుకుపోయే చప్పుడు, చుట్టూ ఉన్న గోడకి మనుషులు వచ్చి ధబీమని తగిలే చప్పుడు, వీటిని బట్టే ఆట పోల్చుకున్నాను. విద్యార్థులు అరవై నిమిషాలూ నిలబడే ఉన్నారు. మా ఆవిడ రెండు శాలువాలు కప్పుకుని కూర్చుని, గోల్‌కీపర్ కుర్రాడు కింద పడినప్పుడల్లా "అయ్యో, దెబ్బ తగిలిందేమో" అంటూనే ఉంది.

మీ అబ్బాయి సంబరానికి కారణముంది. అమెరికాలో చాలా పెద్ద కాలేజీలకి ఫుట్‌బాల్ ఉంటుంది, అంటే వాళ్ళ అమెరికన్ ఫుట్‌బాల్. ఈ కాలేజీ 1961లోనే ఫుట్‌బాల్ మానేసింది. అక్కడ కాలేజీ అంతా తిరిగి చూసేది ఐస్ హాకీనే. 2024 ఏప్రిల్లో బోస్టన్ కాలేజీని 2-0తో ఓడించి పదో జాతీయ టైటిల్ గెలిచారు. అప్పటిదాకా మరే కాలేజీకీ పది రాలేదు. ఆ ఫైనల్లో గోల్‌కీపర్ మ్యాట్ డేవిస్ 35 షాట్లు ఆపాడు. ఆ టోర్నమెంటు నాలుగు ఆటల్లో కలిపి అతన్ని దాటిన గోల్స్ మూడే మూడు. అలాంటి గోల్‌కీపర్ వెళ్ళిపోకుండా మళ్ళీ వచ్చాడు. జాక్ డివైన్, జీవ్ బ్యూయమ్ లాంటి ఆటగాళ్ళూ వచ్చారు. కొత్త టీములు ఒకరినొకరు అర్థం చేసుకునే లోపు వీళ్ళు పన్నెండు గెలిచేశారు.

ఇక మీరడిగిన విలువ సంగతి. ఇది నేను మెల్లగా చెబుతాను, మీ అబ్బాయికి ఇలాగే చెప్పండి.

అక్కడ అరవై పైచిలుకు కాలేజీలు పై డివిజన్‌లో ఆడతాయి. చివరి టోర్నమెంటుకి వెళ్ళేవి పదహారే. ఆ కాలేజీలు కాన్ఫరెన్సులనే గుంపులుగా ఆడతాయి. ఆరు కాన్ఫరెన్సుల టోర్నమెంట్లు గెలిచిన ఆరు టీములకి నేరుగా చోటు దొరుకుతుంది. మిగిలిన పది చోట్లకి సీజన్ మొత్తం ఫలితాలు వేసి లెక్క కడతారు. ఆ లెక్కలో అక్టోబర్ గెలుపు, ఫిబ్రవరి గెలుపు అని తేడా లేదు. మన దగ్గర మొదటి ఆటలంటే కాళ్ళు సాగదీసుకోవడానికి అనుకుంటాం. అక్కడ అలా అనుకున్నవాళ్ళు ఇంటికి పోతారు.

2025 మార్చిలో కాన్ఫరెన్స్ ఫైనల్లో వెస్టర్న్ మిషిగన్ చేతిలో డెన్వర్ 4-3తో ఓడింది, అదీ రెండో అదనపు పీరియడ్‌లో. అంటే నేరుగా వచ్చే చోటు పోయింది. అయినా వాళ్ళకి టెన్షన్ లేదు, ఎందుకంటే లెక్కలో వాళ్ళు పైనే ఉన్నారు. ఆ పన్నెండు గెలుపులు అక్కడ అక్కరకొచ్చాయి. ఆ చోటు దొరికింది కాబట్టే అమెరికాలోని మాంచెస్టర్లో బోస్టన్ కాలేజీని మళ్ళీ ఓడించి సెమీఫైనల్ దాకా వెళ్ళగలిగారు.

దీనికి రెండో వైపు కూడా చూడండి. డెన్వర్ వరస గెలుపులకి అడ్డుకట్ట వేసింది అరిజోనా స్టేట్. ఎడారి ఊరి కాలేజీ, మన తెలుగు పిల్లలు బోలెడంతమంది చదివే చోటు. 2015లోనే పై డివిజన్‌లోకి వచ్చిన టీమ్ అది. ఆ సీజన్ మొదటి వారాల్లో తడబడింది, తర్వాత నిలదొక్కుకుని కాన్ఫరెన్స్‌లో చేరిన మొదటి ఏడాదే రెండో స్థానంలో నిలిచింది. అయినా పదహారింట్లో చోటు రాలేదు. మొదట్లో పోగొట్టుకున్న ఆటలు మార్చిలో వచ్చి దారికి అడ్డంగా కూర్చున్నాయి. ఆ కాలేజీ ఉన్న టెంపేలో చదివే మా తోడల్లుడి కొడుకు ఆ రోజు ఫోన్ చేసి "అంకుల్, డెన్వర్‌ని ఓడించిన మాకే చోటు లేదా" అని అడిగాడు. వాడి బాధ మీ వాడి బాధ కన్నా పెద్దది.

సెమీఫైనల్ సెయింట్ లూయిస్‌లో జరిగింది. మళ్ళీ అదే వెస్టర్న్ మిషిగన్. మేం అప్పటికి ఇంటికి వచ్చేశాం, నేను తెల్లవారుజామున లేచి ఫోన్లో చూశాను. డెన్వర్ 2-0 వెనకబడి, మూడో పీరియడ్‌లో 2-2 చేసింది. రెండో అదనపు పీరియడ్ మొదలవుతూనే ఓవెన్ మైకేల్స్ గోల్ కొట్టాడు. అంతే, 3-2. అదనపు సమయంలో ఎవరు ముందు గోల్ కొడితే వాళ్ళే గెలిచినట్టు. వెస్టర్న్ మిషిగన్ ఫైనల్లో బోస్టన్ యూనివర్సిటీని 6-2తో కొట్టి మొదటిసారి కప్పు తీసుకుంది. ఒకే టీమ్ చేతిలో మూడు వారాల్లో రెండుసార్లు, రెండుసార్లూ ఒక్క గోల్‌తో, రెండో అదనపు పీరియడ్‌లో ఓడారు. అమ్మా, వీళ్ళని చెడిపోయిన టీమ్ అని నేను ఒప్పుకోను. మీ వాడు రెండు రోజులు తినలేదంటే నాకు కోపం రాలేదు, ముచ్చటేసింది. ఊరు కాని ఊర్లో వాడికి మనవాళ్ళు అనుకోవడానికి ఒక టీమ్ దొరికింది.

ప్రశ్న: సార్, నేను స్కూల్లో హాకీ ఆడతాను. ఐస్ హాకీకి, మన హాకీకి తేడా ఏమిటి?
- పదో తరగతి విద్యార్థి, అనంతపురం

జవాబు: బాబూ, మనది బంతి, వాళ్ళది పక్. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న రబ్బరు బిళ్ళ. ఎగరకుండా ఉండేందుకు దాన్ని ముందే ఫ్రీజర్లో పెట్టి గడ్డకట్టిస్తారు. మనం స్టిక్ ఒకవైపుతోనే కొట్టాలి, వాళ్ళు రెండు వైపులా కొట్టొచ్చు. గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురే. ఇరవై నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు. గోల్ వెనకాల కూడా ఆట నడుస్తుంది, అది నాకు బాగా నచ్చింది. ఒక్కొక్కడు ముప్పావు నిమిషం ప్రాణం పెట్టి పరుగెత్తి, ఆట ఆగకుండానే బయటికి దూకేస్తాడు, ఇంకొకడు లోపలికి దూకుతాడు. కాలేజీ ఆటలో ముఖమంతా జాలీ గాని, అద్దం గాని ఉండాల్సిందే. కొట్లాటకి దిగితే ఆట నుంచి గెంటేస్తారు, తర్వాతి ఆట కూడా ఆడనివ్వరు.

ప్రశ్న: సీజన్ మొదటి నుంచి చివరి దాకా ఓడని కాలేజీ టీమ్ ఉందా?
- ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: మగవాళ్ళలో అలా ఓడకుండా జాతీయ టైటిల్ గెలిచింది ఒక్కటే. 1969-70లో కార్నెల్ 29 ఆటలు ఆడి 29 గెలిచింది. ఒక్క డ్రా కూడా లేదు. కోచ్ నెడ్ హార్క్‌నెస్. ఆడవాళ్ళలో మిన్నెసోటా 2012-13లో 41కి 41 గెలిచింది. ఆ ముందు సీజన్, తర్వాతి సీజన్ కలుపుకుంటే వరసగా 62.

1992-93 నాటి మెయిన్ అనే రాష్ట్రపు యూనివర్సిటీ టీమ్‌ని కూడా నేను ఇక్కడ చెప్పాలి. 42 గెలుపులు, రెండు డ్రాలు, ఒకే ఒక్క ఓటమి. ఫైనల్లో వెనకబడి ఉండగా కెప్టెన్ జిమ్ మాంట్‌గోమరీ చివరి పీరియడ్‌లో మూడు గోల్స్ కొట్టి 5-4తో గెలిపించాడు. ఆ పేరు గుర్తు పెట్టుకోండి, కింది జవాబులో మళ్ళీ వస్తుంది.

ప్రశ్న: మాస్టారూ, నాకు పంతొమ్మిదేళ్ళు. కాలేజీ వాలీబాల్ టీమ్‌లో ఉన్నాను. గుండె పరీక్షలో తేడా వచ్చిందని, ఇక ఆడకూడదని డాక్టర్ గట్టిగా చెప్పారు. గ్రౌండ్ వైపు చూస్తే ఏడుపొస్తోంది.
- ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: నాయనా, ముందు డాక్టర్ మాట విను. అందులో బేరం లేదు.

నీకు డెన్వర్ కోచ్ డేవిడ్ కార్ల్ గురించి చెబుతాను. అలాస్కా కుర్రాడు. 2008లో ఎన్‌హెచ్‌ఎల్ అనే పెద్ద ప్రొఫెషనల్ లీగ్ వాళ్ళు ఆటగాళ్ళని ఎంచుకునే ముందు చేసే పరీక్షల్లో, అతని గుండె కండరం మందమెక్కిందని తేలింది. పద్దెనిమిదేళ్ళకే ఆట ఆగిపోయింది. అయినా ఆ లీగ్‌లోని టాంపా బే టీమ్ వాళ్ళు చివరి రౌండ్‌లో అతని పేరు పిలిచారు. ఆడడని తెలిసే పిలిచారు. డెన్వర్ యూనివర్సిటీ కూడా ఇస్తానన్న స్కాలర్‌షిప్ వెనక్కి తీసుకోలేదు. అక్కడ చదువుకుంటూనే కోచ్‌ల పక్కన నిలబడి పని నేర్చుకున్నాడు. తర్వాత అదే టీమ్‌కి అసిస్టెంట్ అయ్యాడు. అప్పటి హెడ్ కోచ్ ఎవరనుకున్నావు, పైన చెప్పిన మాంట్‌గోమరీయే. ఆయన వెళ్ళాక 2018లో, 28 ఏళ్ళకే, కార్ల్ హెడ్ కోచ్ అయ్యాడు. 2022లో ఒక టైటిల్, 2024లో ఇంకోటి. ఖమ్మం అమ్మ రాసిన పన్నెండు గెలుపులూ అతని టీమువే.

నేను చూసిన ఆ రెండు రాత్రులూ అతను బెంచీ వెనక నిలబడి ఉన్నాడు. కాలేజీ ఐస్ హాకీలో ఒక్క ఆట కూడా ఆడని మనిషి చుట్టూ ఆ కుర్రాళ్ళంతా మూగి వింటుంటే నేను ఆట మానేసి కాసేపు అటే చూశాను.

నీకు ఆట తెలుసు, ఎవడి సర్వీసు ఎటు పడుతుందో తెలుసు. ఈ సోమవారం డాక్టర్ రాసిచ్చిన కాగితం పట్టుకుని మీ కాలేజీ కోచ్ దగ్గరకి వెళ్ళు. విషయం దాచకుండా చెప్పి, స్కోరు పుస్తకం నన్ను రాయనివ్వండి సార్ అని అడుగు. ఆయన ఏమన్నారో నాకు ఉత్తరం రాయి.