చీకట్లో కనిపించని బటన్: కేసు ఉంది, కానీ మీరనుకున్న కేసు కాదు

ప్రశ్న: ఎలక్ట్రిక్ కారు కొని 22 నెలలైంది. ఏసీ, ఫ్యాను, ముందు అద్దం డీఫాగర్, సౌండు అన్నీ స్క్రీన్ కింద ఉన్న నల్లటి టచ్ పట్టీ మీదే ఉన్నాయి. పగలు ఇబ్బంది లేదు. రాత్రయితే ఆ పట్టీలో లైటే లేదు. కొన్న మొదటి వారంలోనే గమనించాను. నాలుగు నెలల కిందట వానలో వస్తుంటే అద్దానికి ఆవిరి పట్టింది. డీఫాగర్ కోసం తడుముకుంటుండగా కారు డివైడర్‌ను రాసుకుపోయింది. వెనక నా భార్య, మూడేళ్ల పాప ఉన్నారు. దెబ్బలు తగల్లేదు గానీ చీకటి పడితే కారెక్కనని పాప ఇప్పటికీ ఏడుస్తోంది. సర్వీస్ సెంటర్‌కు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ‘ఈ మోడల్ అన్నీ ఇంతే సార్’ అంటున్నారు. కంపెనీ కూడా మెయిల్‌లో అదే రాసింది. రిపేరు ఖర్చు ఇన్సూరెన్స్‌లో వచ్చింది (ఏజెంటు చెప్పినట్టు క్లెయిము ఫారంలో కుక్క అడ్డొచ్చిందని రాశాం). తెలిసిన ఎలక్ట్రీషియన్ పట్టీ వెనక ఎల్‌ఈడీ పెడతానంటున్నాడు. టచ్ స్క్రీన్ల మీద విదేశీ పత్రిక చేసిన పరీక్ష కూడా జత చేస్తున్నాను. కారు వెనక్కిచ్చి మొత్తం డబ్బు, మానసిక వేదనకు పరిహారం రాబట్టుకోవచ్చా? అప్పటిదాకా ఈఎంఐ ఆపేయవచ్చా?

జవాబు: మీ ప్రమాదం కేసును తేల్చేసే మాటను మీరు బ్రాకెట్లలో పెట్టారు. ‘కుక్క అడ్డొచ్చింది’ అని రాసిన కాగితం కింద మీ సంతకం ఉంది. రేపు మీరు వినియోగదారుల కమిషన్ ముందు నిలబడి ‘డీఫాగర్ కనిపించక కారు డివైడర్‌కు తగిలింది’ అని అఫిడవిట్ వేస్తే, కంపెనీ వకీలు మొదట చేసే పని బీమా కంపెనీ నుంచి ఆ ఫారం తెప్పించడం. ఆ ఒక్క కాగితంతో ప్రమాదం కథ పోతుంది. దానితోపాటు, నిజంగా నిజమైన మీ మిగతా మాటలు కూడా నమ్మకం పోగొట్టుకుంటాయి. మీ వేలితో మీ కన్నే పొడుచుకున్నారు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు మీరు చేయవద్దు. ‘ఫారం ఏజెంటు నింపాడు, నేను చదవకుండా సంతకం పెట్టాను’ అని ఇప్పుడు రాసివ్వాలన్న ఆలోచన వస్తుంది. చదివారని మీ ఉత్తరమే చెబుతోంది. అలాగని కుక్క కథను ప్రమాణం చేసి మళ్లీ చెప్పడానికీ వీల్లేదు. అది అబద్ధపు అఫిడవిట్ అవుతుంది. బీమా సొమ్ము సంగతి ఎలా సరిచేసుకోవాలో ఫిర్యాదు వేయకముందే ఒక వకీలును స్వయంగా కలిసి, ఫారం కాపీ ముందు పెట్టి తేల్చుకోండి. ఆ పని ఉత్తరాల మీద అయ్యేది కాదు.

కుక్క మాట లేకపోయినా ప్రమాదం దారిలో మీకు దక్కేది తక్కువే. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సెక్షన్ 84 తయారీదారు మీద ప్రొడక్ట్ లయబిలిటీ (లోపమున్న వస్తువు వల్ల జరిగిన హానికి బాధ్యత) పెట్టింది. డిజైన్ లోపం కూడా అందులో ఉంది. అయితే దానికి ‘హాని’ జరగాలి. హాని అంటే ఏమిటో సెక్షన్ 2(22) చెబుతుంది. ఆ వస్తువుకే జరిగిన నష్టం హాని కిందకు రాదు, అంటే మీ కారు సొట్ట లెక్కలోకి రాదు. మానసిక వేదన వస్తుంది, కానీ శరీరానికి గాయమో, జబ్బో, వేరే ఆస్తికి నష్టమో జరిగి, దాని వెంట వచ్చిన వేదన అయి ఉండాలి. మీ ఇంట్లో ఎవరికీ గీత కూడా పడలేదు. పాప భయాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఆ భయం ఈ సెక్షన్‌లో ఇమడదు, అంతే.

పైగా డ్రైవింగ్‌లో ఉండగా స్క్రీన్ మీద వెతకడం డ్రైవరు తప్పు కిందకే తోసేస్తారు. జర్మనీలో వానలో వైపర్ వేగం మార్చడానికి టచ్ స్క్రీన్ చూస్తూ రోడ్డు దిగిపోయిన టెస్లా డ్రైవరుకు 200 యూరోల జరిమానా, నెల రోజులు డ్రైవింగ్ నిషేధం పడ్డాయి. 2020లో కార్ల్స్‌రూహె పైకోర్టు ఆ శిక్షను సమర్థించింది. వైపర్ మీట స్క్రీన్‌లో పెట్టింది కంపెనీయే కదా అన్న వాదన అతన్ని కాపాడలేదు. మన కమిషన్లకు ఆ తీర్పు కట్టుబాటు కాదు. కానీ మీ ఎదుటి వకీలు ఎటునుంచి వస్తాడో తెలియడానికి చెబుతున్నాను.

కాబట్టి ప్రమాదాన్ని పక్కన పెట్టండి. అది తీసేశాక మీ చేతిలో మిగిలేదే మంచి కేసు: ఈ కారులో లోపం ఉందా లేదా?

సెక్షన్ 2(10) ప్రకారం చట్టం కోరిన నాణ్యత లేకపోయినా, ఒప్పందం ప్రకారం ఉండాల్సింది లేకపోయినా, అమ్మేవాడు చెప్పుకున్నది లేకపోయినా లోపమే. మూడు తలుపులున్నాయి. ఏ తలుపు తెరుచుకుంటుందో చెప్పేది ‘డాష్‌బోర్డు చీకటిగా ఉంది’ అన్న మాట కాదు, ఏ బటన్ చీకటిగా ఉంది అన్న వివరం. మీరు ఏసీ, సౌండు, డీఫాగర్ అన్నీ ఒకే గాట కట్టేశారు. సౌండు కనిపించకపోతే విసుగు. ముందు అద్దం డీఫాగర్ కనిపించకపోతే రోడ్డే కనిపించదు. కార్లలో కంట్రోళ్ల గుర్తుల గురించి ఐక్యరాజ్యసమితి నియమం 121లో ఒక పట్టిక ఉంది. ఏ కంట్రోలుకు ఏ గుర్తు ఉండాలో, పార్కింగ్ లైట్లు వేసినప్పుడు వాటిలో ఏ గుర్తులు వెలిగేలా ఉండాలో అందులో రాశారు. సౌండు ఆ పట్టికలో లేదు, ముందు అద్దం డీఫాగర్ ఉంది. మన దేశంలో ఇదే విషయం మీద ఉన్న ప్రమాణం ఏఐఎస్-071. మీ వకీలు దాన్ని దగ్గర పెట్టుకుని ఫిర్యాదు రాయాలి. మీ మోడల్ ఆ ప్రమాణం కింద ఏ రిపోర్టుతో పాసైందో కాగితాలు చూపమని కంపెనీని నోటీసులోనే అడగాలి. ఫిర్యాదులో మొదటి పేరా డీఫాగర్ గురించే ఉండాలి. సౌండు మాట ఎత్తకపోయినా పర్వాలేదు.

మూడో తలుపు ఇంకా తేలిక. కారు కొన్నప్పుడు ఇచ్చిన బ్రోచర్ బయటికి తీయండి. చాలా బ్రోచర్లలో డాష్‌బోర్డు ఫొటో రాత్రి వాతావరణంలో ఉంటుంది. ఆ ఫొటోలో మీ టచ్ పట్టీ మీద ఎరుపు, నీలం గీతలు వెలుగుతూ కనిపిస్తున్నాయేమో భూతద్దం పెట్టి చూడండి. వెలుగుతుంటే, మీ కారులో వెలగకపోతే, ఆ ఒక్క పేజీ నిపుణుడి రిపోర్టు కన్నా గట్టిది. ఓనర్స్ మాన్యువల్‌లో ఆ పట్టీ గురించి ఉన్న పేజీ కూడా ఫొటో తీసుకోండి.

‘ఈ మోడల్ అన్నీ ఇంతే’ అన్న మెయిల్ చూసి మీరు నీరుగారిపోయారు. నాకైతే అది మీ ఫైల్లో అన్నిటికన్నా విలువైన కాగితం. బల్బు పోయిందనో, మీరు నీళ్లు పోశారనో కంపెనీ ఇక అనలేదు. తయారీ నుంచే లైటు లేదని వాళ్లే ఒప్పుకున్నారు. ఆ మెయిల్ హెడర్లతో సహా భద్రం చేయండి. లైటు పెట్టడం సాధ్యమేననడానికి దాఖలా కూడా ఉంది. వోక్స్‌వ్యాగన్ తన ఐడి.4లో ముందు లైటు లేకుండా ఇచ్చిన ఉష్ణోగ్రత, సౌండు పట్టీలకు 2024 మోడల్‌లో లైటు పెట్టింది. తర్వాత మార్చినంత మాత్రాన ముందుది లోపమని తేలిపోదు. సాధ్యం కాదన్న జవాబును మాత్రం అది అడ్డుకుంటుంది.

పత్రిక పరీక్ష సంగతి. 2022లో స్వీడన్ కార్ల పత్రిక గంటకు 110 కిలోమీటర్ల వేగంలో కొన్ని పనులు చేయించి చూస్తే, బటన్లున్న 2005 వోల్వోలో 10 సెకన్లు, 306 మీటర్లు పట్టింది. అన్నిటికన్నా వెనకబడిన కొత్త కారులో 44.9 సెకన్లు, 1,372 మీటర్లు పట్టింది. చదవడానికి బాగుంది. మీ కారులో లైటు లేదని మాత్రం అది రుజువు చేయదు. ఒక పక్కన జత చేయండి, దాని మీద ఆధారపడకండి.

రుజువు చేయాల్సింది మీరు. 22 నెలల్లో ఎన్నోసార్లు ఫోన్ చేశానన్నారు. ఒక్క జాబ్ కార్డు (సర్వీస్ సెంటర్‌వాళ్లు మీ ఫిర్యాదు రాసుకునే కాగితం) మీదైనా ‘రాత్రి డీఫాగర్ గుర్తు కనిపించడం లేదు’ అని రాయించారా? అంత పెట్టి కొన్న కారు గురించి ఫిర్యాదును గాల్లో మాటలకు వదిలేయడం ఏమిటి? ఫోన్ చేసినట్టు కాల్ లిస్టు చెబుతుంది, ఏం మాట్లాడారో చెప్పదు. ఈ వారమే కారు సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి. ఆ వాక్యాన్ని మీ మాటల్లోనే జాబ్ కార్డు మీద రాయించండి. ‘జనరల్ చెకప్’ అని రాస్తే సంతకం పెట్టకండి. కారు తిరిగి ఇచ్చేటప్పుడు ‘కస్టమర్ తృప్తి చెందారు’ అన్న గడి దగ్గర ‘లోపం అలాగే ఉంది’ అని మీ చేత్తో రాసి సంతకం చేయండి.

వీడియో కూడా కావాలి. రాత్రి, వీధి దీపం పడని చోట కారు ఆపి, పార్కింగ్ లైట్లు వేయండి. డాష్‌బోర్డు వెలుతురు సెట్టింగ్ పూర్తిగా పెంచండి, పెంచినట్టు స్క్రీన్ మీద చూపించండి. లేకపోతే ‘మీరే తగ్గించుకున్నారు’ అంటారు. ఓడోమీటరు, ఛాసిస్ నంబరు, సాఫ్ట్‌వేర్ వెర్షన్ కనిపించాలి. అక్కడి నుంచి ఆపకుండా, ఫోన్ ఫ్లాష్ వేయకుండా పట్టీ మీదికి రండి. ఫోన్ కెమెరా చీకటిని తనంతట తానే వెలుతురుగా మార్చేస్తుంది, అందుకే వెలుగుతున్న మీటరు, నల్లటి పట్టీ రెండూ ఒకే ఫ్రేములో ఉండాలి. అప్పుడు తేడా ఎవరూ కాదనలేరు. డ్రైవరు సీట్లో కూర్చున్న మనిషి వేలు డీఫాగర్ కోసం ఆ నున్నటి పట్టీ మీద పాకుతూ, పక్కనున్న ఫ్యానుకు తగిలి గాలి ఒక్కసారిగా పెరిగిపోతే అదీ రికార్డు కానివ్వండి. అసలు ఫైలు ఫోన్లోనే ఉంచండి, వాట్సాప్‌లో పంపిన కాపీ వేరు. దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జత చేయించండి. ఇదంతా అయ్యేదాకా ‘సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తాం’ అన్నా ముట్టనివ్వకండి. అప్‌డేట్‌తో నిజంగా లైటు వస్తే సంతోషమే, కానీ ముందు స్థితి రికార్డయి ఉండాలి.

2022లో హ్యుందాయ్ కేసులో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోకపోతే, వేగం లెక్కలూ తాకిడి సిద్ధాంతాలూ వినియోగదారుడు చెప్పనక్కర్లేదని సుప్రీంకోర్టు అన్నది. మీది అంత సూటి కేసు కాదు. కంపెనీ ఎదురు తిరిగితే వినియోగదారుల చట్టం సెక్షన్ 38 కింద ల్యాబు పరీక్షకు పంపమని కమిషన్‌ను అడగండి. ఖర్చు మీరు డిపాజిట్ చేయాలి.

ఇప్పుడు ఎల్‌ఈడీ ఎలక్ట్రీషియన్. వద్దు. పట్టీ విప్పిన మరుక్షణం మీ ప్రధాన సాక్ష్యం మారిపోతుంది. ల్యాబువాళ్లు చూసేది కంపెనీ ఇచ్చిన పట్టీని కాదు, మీవాడు తీగలు కలిపిన పట్టీని. మార్పులు చేసిన వస్తువు విషయంలో అమ్మకందారు మీద ప్రొడక్ట్ లయబిలిటీ దావా నడవదని సెక్షన్ 87 చెబుతోంది. వైరింగ్ ముట్టుకున్నారని వారంటీ నిరాకరించడానికీ దారి ఇచ్చినట్టే. రేపు బ్యాటరీ దగ్గర తేడా వచ్చినా ఆ తీగనే చూపిస్తారు. తీర్పు వచ్చేదాకా రాత్రి బండి తీయక తప్పకపోతే, బయల్దేరే ముందే ఆపిన కారులో డీఫాగర్ వేసుకోండి. దారిలో ఆవిరి పడితే పక్కకు ఆపి వేయండి.

ఈఎంఐ ఆపవద్దు. బ్యాంకు మీకు డబ్బు అప్పిచ్చింది, డాష్‌బోర్డు అమ్మలేదు. ఆపితే కారు లాక్కుపోతారు, సాక్ష్యం వాళ్ల యార్డులో ఉంటుంది.

అన్నిటికన్నా ముందు క్యాలెండరు చూడండి. సెక్షన్ 69 కింద గడువు రెండేళ్లు. మొదటి వారంలోనే చీకటి గమనించానని మీరే రాశారు. కాబట్టి డెలివరీ తేదీ నుంచే లెక్క వేయండి. కంపెనీ మెయిల్ వచ్చిన రోజు నుంచి మొదలవుతుందని వాదించవచ్చు గానీ, ఆ వాదన మీద కేసు నిలబెట్టకండి. ఉత్తరాలు రాస్తూ పోయినంత మాత్రాన గడువు పెరగదు. మీకు మిగిలింది రెండు నెలలు. ఆలస్యం మన్నించమని అడిగే వీలుంది, కారణం చూపాలి. ‘వాళ్లు చేస్తారని చూశాను’ అన్నది బలమైన కారణం కాదు.

మొత్తం డబ్బు వాపసు ఆశ పెట్టుకోకండి. మార్చగలిగే భాగంలో లోపం ఉంటే కారు మొత్తం మార్చమనడం కుదరదన్న దారిలోనే 2006 మారుతీ ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు వెళ్లింది. మీరు అడగాల్సింది వెలిగే పట్టీ ఉచితంగా అమర్చడం, అది కుదరకపోతే తగిన పరిహారం, కేసు ఖర్చులు. వాపసును చివరి ప్రత్యామ్నాయంగా రాయించండి.

జాబ్ కార్డు చేతికి రాగానే తయారీదారుకు, డీలరుకు ఇద్దరికీ స్పీడ్ పోస్టులో 15 రోజుల నోటీసు ఇవ్వండి. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, ఒక్కోసారి అక్కడే కదలిక వస్తుంది. కానీ దాని కోసం ఆగకండి. 16వ రోజున ఫిర్యాదు వేయాలి. చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో, అదీ మీరు నివసించే చోటే, ఆన్‌లైన్‌లో వినియోగదారుల కమిషన్ల పోర్టల్ ఈ-జాగృతి ద్వారా వేయవచ్చు. మధ్యవర్తిత్వానికి పంపుతామంటే ఒప్పుకోండి. కంపెనీ దగ్గర కొత్త పట్టీ ఉంటే అక్కడే తేలిపోతుంది. ఒప్పందంలో మాత్రం ‘డీఫాగర్ గుర్తు పార్కింగ్ లైట్లతో వెలగాలి’ అన్న మాట, అమర్చే తేదీ రాయించుకున్నాకే సంతకం పెట్టండి.