సంఘ నాయకుడు విశ్వాసులకు మాదిరిగా ఉండాలంటే మొదట దేని మీద శ్రద్ధ పెట్టాలి?

ఇటీవలే సంఘ పెద్దగా బాధ్యత తీసుకున్న మీరు, విశ్వాసులకు మాదిరిగా ఉండాలంటే మొదట దేని మీద శ్రద్ధ పెట్టాలని అడిగారు. ప్రార్థన గురించి, వాక్యధ్యానం గురించి, కుటుంబాన్ని చక్కగా ఏలుకోవడం గురించి మీకు ఇప్పటికే చాలామంది చెప్పి ఉంటారు. తిమోతికి రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయం అధ్యక్షునికి, అంటే సంఘాన్ని నడిపించే పెద్దకు, ఉండవలసిన లక్షణాలను వివరించేటప్పుడు బోధనా సామర్థ్యాన్ని ఒక్క మాటతో ముగించి, మిగిలిన చోటంతా నడవడికకే ఇచ్చిందన్నదీ మీకు తెలిసిందే. రెండు సంఘాల్లో కోశాధికారిగా పనిచేసిన అనుభవంతో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: తనను ప్రశ్నించడానికి నాయకుడు ఎంత చోటిస్తాడో విశ్వాసులు అన్నిటికన్నా నిశితంగా గమనిస్తారు.

మొదటి సంఘంలో, మందిర మరమ్మతులకైన ఖర్చుకు రసీదులు కావాలని నేను కాపరిగారిని అడిగాను. అందుకు ఆయన "అభిషిక్తుణ్ణి ముట్టకూడదని వాక్యం చెబుతోంది" అన్నారు. దేవుడు ఏర్పరచుకున్న సేవకుణ్ణి ప్రశ్నించకూడదని ఆయన భావం. ఆయన కానుకలను సొంతానికి వాడుకున్నారని నేను ఈనాటికీ అనను. ఆ సంగతి తేల్చుకునే దారే మాకు లేకుండా పోయింది. కొన్ని నెలల తర్వాత నేను ఆ బాధ్యత వదులుకున్నాను. అయితే ఆ మాట 105వ కీర్తనలో ఏ సందర్భంలో వచ్చిందో చూడండి. అబ్రాహాము వంటి పితరులు కొద్దిమందిగా, పరదేశులుగా దేశదేశాలు తిరుగుతున్నప్పుడు వారికి కీడు చేయవద్దని దేవుడు రాజులను హెచ్చరించిన మాట అది. లెక్కలు అడిగేవారి నోరు మూయించడానికి చెప్పింది కాదు. అభిషిక్తుడైన సౌలు రాజు మీద చెయ్యి వేయనన్న దావీదే, గుహలోంచి బయటికి వచ్చి, కోసిన వస్త్రపు చెంగు చూపిస్తూ సౌలును నిలదీశాడు. ఆ దావీదే రాజైన తర్వాత నాతాను ప్రవక్త ఎదురుగా నిలబడి "ఆ మనిషివి నువ్వే" అన్నప్పుడు, తన అభిషేకాన్ని అడ్డు పెట్టుకోలేదు, పాపం చేశానని ఒప్పుకున్నాడు.

రెండవ సంఘంలోని కాపరిగారు వయసులో పెద్దవారు, ప్రసంగంలో అంత దిట్ట కూడా కాదు. కానుకలు లెక్కపెట్టే బల్ల దగ్గర ఆయన ఏనాడూ కూర్చోలేదు. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఒక సహోదరి ఆయన చేతిలో ఒక కవరు పెట్టి, సంఘానికేనని చెప్పింది. ఆయన దాన్ని జేబులో పెట్టుకోకుండా, తెరవకుండా, జనం మధ్యలోంచి నడిచి నా దగ్గరికి తెచ్చి, ఆమె ఎదుటే లెక్కపెట్టి రసీదు రాయమన్నారు. కవరు నా చేతికి వచ్చేసరికి దాని అంచు ఆయన చేతి చెమటకు తడిసి ఉంది. యెరూషలేములోని పరిశుద్ధుల కోసం, అంటే అక్కడి విశ్వాసుల కోసం, చందా పంపేటప్పుడు అపొస్తలుడైన పౌలు కూడా తన సహపనివాడైన తీతుతో పాటు సంఘాల నమ్మకం పొందిన సహోదరులను పంపాడు. ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలోనూ తప్పెన్నడానికి వీలుండకూడదన్నది ఆయన ఉద్దేశం. 1948లో అమెరికాలోని మొడెస్టో పట్టణంలో సువార్తికుడు బిల్లీ గ్రాహం తన సహచరులతో కలిసి డబ్బు, స్త్రీపురుష సంబంధాలు, స్థానిక సంఘాలతో వ్యవహారం, ప్రచారంలో అతిశయోక్తి అనే నాలుగు విషయాల్లో కట్టుబాట్లు పెట్టుకున్నదీ ఇలాంటి ముందుజాగ్రత్తతోనే.

ఆ కాపరిగారే ఒకసారి, ఆలస్యంగా వచ్చిన యువకుణ్ణి ప్రసంగం మధ్యలో అందరి ముందు మందలించారు. అతను రాత్రంతా ఆసుపత్రిలో తండ్రి దగ్గర ఉండి నేరుగా వచ్చాడని తర్వాత తెలిసింది. ఇంటికి వెళ్లి చాటుగా క్షమాపణ అడిగితే సరిపోయేదని మాలో కొందరం అనుకున్నాం. ఆయన మాత్రం మరుసటి ఆదివారం అదే వేదిక మీద నిలబడి "అందరి ముందు అన్నాను కాబట్టి అందరి ముందే అడుగుతున్నాను, నన్ను క్షమించు బాబూ" అన్నారు. ఆ యువకుడు ఒక్కరోజులో మెత్తబడలేదు, చాలా వారాలు చివరి వరుసలోనే కూర్చున్నాడు, కానీ రావడం మానలేదు. అంతియొకయలో పౌలు చేత అందరి ఎదుట గద్దింపబడిన పేతురే తన మొదటి పత్రికలో పెద్దలను మందకు మాదిరులుగా ఉండమన్నాడు, రెండవ పత్రికలో పౌలును ప్రియ సహోదరుడన్నాడు. ఆ రెండు పత్రికలనూ నేను ఇప్పుడు చదివే తీరు వేరు.

ఇక మీ సంగతికొస్తే, మొదటి పెద్దల సమావేశంలోనే మీ ఖర్చుల రసీదులను మీకన్నా చిన్నవారైన ఒకరి చేత సరిచూడమని మీరే అడగండి. మీ మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తే అది ఎవరి దగ్గరికి వెళ్లాలో కూడా ఆనాడే నిర్ణయించి మినిట్స్ పుస్తకంలో రాయించండి. పెద్ద మీద దోషారోపణను ఇద్దరు ముగ్గురు సాక్షులుంటేనే అంగీకరించాలని తిమోతి పత్రికలో ఉంది కాబట్టి, ఆ ఏర్పాటు నిరాధారమైన నిందల నుండి మిమ్మల్ని కూడా కాపాడుతుంది.