కళ్ళు వదిలేసి చేతులు చూడు

తమ్ముడూ,

అమెరికా ఆదివాసులైన చెరోకీల భాషకి లిపి కట్టిన సెక్వోయా ఉన్నాడే, ఆయన పటం మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. మొదటి పేరాలోనే "ఆ కళ్ళలో ఒక జాతి వేదన కనిపిస్తుంది" అన్నావు చూడు, అది కొట్టెయ్. పటంలో కళ్ళ గురించి ఎవరేం రాసినా చెల్లుతుంది, కాబట్టి రాసినా లాభం లేదు. పైగా నువ్వు చూసింది అసలు బొమ్మ కానే కాదు. 1828లో ఆర్కాన్సా చెరోకీల తరఫున ఒప్పందం మాట్లాడడానికి ఆయన వాషింగ్టన్ వచ్చినప్పుడు చార్లెస్ బర్డ్ కింగ్ వేసిన బొమ్మ, 1865లో అక్కడి మ్యూజియం స్మిత్సోనియన్‌లో మంటలు రేగితే కాలిపోయింది. ఇప్పుడు మ్యూజియంలో ఉన్నది హెన్రీ ఇన్‌మన్ వేసిన నకలు, నెట్‌లో తిరిగేది చాలావరకు లిథోగ్రాఫ్, అంటే రాతి మీద గీసి తీసిన అచ్చు. ఇన్ని చేతులు మారాక ఆ వేదన ఎవరిదని చెప్తాం?

తలపాగా, నీలం కోటు, పతకం, నోట్లో పొడుగాటి పైపు... ఇవి ఒక్క వాక్యంలో తేల్చెయ్. అసలు విషయం చేతుల్లో ఉంది. ఒక చేత్తో అక్షరాల పలక పట్టుకుని, రెండో చేతి వేలితో వాటిని చూపిస్తున్నాడు. నువ్వు ఆ వేలి దగ్గర ఆగాలి. వెండిపని చేసుకునే మనిషి, ఇంగ్లీషు చదవడం రాదు. మొదట మాటకో గుర్తు పెట్టబోయి, అది తెమిలేది కాదని తెలిసి, మాటని పలికే ముక్కలుగా విడగొట్టి, 1821 నాటికి 86 గుర్తులతో పని ముగించాడు. కొన్ని ఆకారాలు ఇంగ్లీషువే, పలుకు మాత్రం ఆయనది: డబ్ల్యూ అక్కడ 'ల', హెచ్ అక్కడ 'మి'. మన గుణింతంలా ఉంటుందనుకునేవు, ఉండదు; మ, మి, ము మూడూ మూడు వేరే బొమ్మలు. ఈ ముక్క రాస్తే తెలుగు పాఠకుడు టక్కున పట్టుకుంటాడు.

భార్య కాగితాలు తగలబెట్టిందన్న కథకి "అంటారు" తగిలించు. కూతురు అయోకా ఆ అక్షరాలు చదివి చూపించిన సంగతి మాత్రం ఇంకాస్త సాగదియ్, నువ్వు మరీ రెండు ముక్కల్లో కానిచ్చేశావు.

ఇంకోటి. 1828 ఫిబ్రవరిలోనే జార్జియాలోని న్యూ ఎకోటాలో చెరోకీ ఫీనిక్స్ పత్రిక మొదలైంది, ఆ పలకమీది అక్షరాలకే బోస్టన్‌లో అచ్చుదిమ్మలు పోయించి మరీ. బొమ్మ, పత్రిక ఒకే ఏడాదివని నీ వ్యాసంలో ఎక్కడా లేదు. చివర భాషాభిమానం మీద దంచిన పేరా తీసేసి అక్కడ ఇది పెట్టి, మళ్ళీ పంపు.