చెక్కని కిటికీ

అమ్మాయికి ఆశీస్సులు.

ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ నేచురల్ హిస్టరీ మ్యూజియం మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేజీలోనే "అద్భుతం" నాలుగుసార్లు వచ్చింది. కంగారు పడకు, నా మొదటి వ్యాసంలో ఏడుసార్లు వచ్చింది. ఎడిటర్ గారు ఏడూ ఎర్ర సిరాతో కొట్టేసి, "ఇంతకీ అక్కడ ఏముంది?" అని పక్కన రాశారు.

1855లో శంకుస్థాపన, 1860లో ప్రారంభం, డీన్, వుడ్‌వర్డ్‌ల డిజైన్, గోథిక్ శైలి. ఇవి ఒక్క వాక్యంలో చెప్పేసి ముందుకు వెళ్లు. నువ్వు తొందరగా దాటేసిన చోటే నాకు కథ కనిపించింది. అది పైకప్పు సంగతి. అంత గాజు కప్పును మోయడానికి మొదట సాగగొట్టిన ఇనుముతో కట్టారు. బరువుకు ఆగలేదు. అంతా విప్పేసి పోత ఇనుప స్తంభాలతో మళ్లీ కట్టారు. అసలే డబ్బు చాలని పని, పైన ఈ ఖర్చు. ఆ టెన్షన్ నీ వ్యాసంలో ఏదమ్మా?

ఇక రాతి స్తంభాలు. హాలు చుట్టూ ఒక్కో స్తంభం ఒక్కో రకం బ్రిటన్ రాయి. వరసగా నడిస్తే చాలు, భూగర్భశాస్త్రం పాఠం అయిపోతుంది. వాటి పైన ఆకులూ పూలూ ఊహించి చెక్కినవి కావు. యూనివర్సిటీ తోట నుంచి మొక్కలు తెప్పించుకుని, ఎదురుగా పెట్టుకుని ఐర్లండ్ నుంచి వచ్చిన ఓషే సోదరులు ఉలి పట్టారు. ఉలి పనేమో నిదానం, ఆకేమో వాడిపోతుంది. "శిల్పకళ ఉట్టిపడుతోంది" అన్న వాక్యం తీసేసి అక్కడ ఆ మొక్కను పెట్టు.

జేమ్స్ ఓషేకి యూనివర్సిటీ పెద్దలతో పేచీ వచ్చి, గుమ్మం దగ్గర వాళ్లనే చిలకలుగా, గుడ్లగూబలుగా చెక్కాడనీ, వాటి తలలు కొట్టేయించారనీ ఒక కథ ఉంది. నాకు భలే ఇష్టం. రాసుకో, కానీ "అని చెబుతారు" అనడం మరిచిపోకు.

1860 జూన్ 30న డార్విన్ పరిణామ సిద్ధాంతం మీద శాస్త్రవేత్త హక్స్‌లీకీ బిషప్ విల్బర్‌ఫోర్స్‌కీ అక్కడ జరిగిన వాదన సగం వ్యాసం తినేసింది. అందరూ రాసిందే అది. రెండు లైన్లకు కుదించు.

డబ్బు అయిపోయి, ముందువైపు కిటికీల్లో కొన్ని చెక్కకుండానే ఉండిపోయాయి. నువ్వు తీసిన మూడో ఫోటోలో ఎడమ పక్కన చూడు, తీగలు అల్లుకున్న కిటికీ పక్కనే బోడి రాయి. దాని గురించి ఒక్క ముక్కా రాయలేదు నువ్వు. వ్యాసం అక్కడి నుంచి మొదలుపెట్టి మళ్లీ పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా పెట్టు, నా కళ్లజోడు మార్చాల్సి ఉంది.