వీఏ లోన్: సైనిక్‌పురిలో ఎదురైన ప్రశ్నకు జవాబు

సెలవులకు హైదరాబాద్ వచ్చి, సైనిక్‌పురిలో మా అన్నయ్య ఇంట్లో దిగిన మరునాడే ఎదురింటి సుబేదారు గారు తమ కుమారుడి సంగతి ఎత్తారు. గ్రీన్ కార్డుతో అమెరికా సైన్యంలో చేరిన ఆ అబ్బాయి ఇప్పుడు టెక్సస్‌లోని ఫోర్ట్ హుడ్‌లో ఉన్నాడనీ, చేతి డబ్బు పెట్టకుండా ప్రభుత్వమే ఇల్లు కొనిస్తుందని ఫోనులో చెబుతున్నాడనీ, అది నమ్మదగిన మాటేనా అనీ అడిగారు. నేనూ ఆ సైన్యంలో పనిచేసి, శాన్ ఆంటోనియోలో ఈ వీఏ లోన్ పద్ధతిలోనే ఇల్లు కొన్నవాణ్ణి కనుక, ఆయనకు చెప్పిన సంగతులనే కొత్తగా చేరిన మన పిల్లల కోసం ఇక్కడ వ్రాస్తున్నాను.

ప్రభుత్వం ఇల్లు కొనివ్వదు, అప్పు కూడా ఇవ్వదు. అప్పు ఇచ్చేది బ్యాంకే. మాజీ సైనికుల వ్యవహారాలు చూసే వెటరన్స్ అఫైర్స్ శాఖ, అంటే వీఏ, అందులో కొంత భాగానికి, సాధారణంగా నాలుగో వంతుకు, బ్యాంకుకు పూచీ పడుతుంది. మన ఊళ్లో చిట్టీ పాడుకున్నవాడికి ప్రభుత్వోద్యోగి జామీను సంతకం పెట్టడం వంటిదే ఇది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగివచ్చే సైనికుల కోసం 1944లో తెచ్చిన చట్టంతో మొదలైన ఈ ఏర్పాటు వల్లనే డౌన్ పేమెంట్ లేకుండా, నెలనెలా తనఖా బీమా కట్టే పని లేకుండా ఇల్లు కొనడం సాధ్యమవుతుంది. అయితే ఆ జామీను బ్యాంకుకు రక్షణే తప్ప మనకు కాదు. వాయిదాలు ఎగ్గొడితే ఇల్లూ పోతుంది, మళ్లీ ఈ సదుపాయం వాడుకునే అర్హతలోనూ కోత పడుతుంది.

ప్రస్తుతం విధుల్లో ఉన్నవారికి వరుసగా 90 రోజుల సేవ పూర్తయితే అర్హత వస్తుంది. పౌరసత్వం వచ్చేదాకా ఆగనక్కరలేదు. కాని పెళ్లికాని కింది హోదా సిపాయిలు సాధారణంగా బ్యారక్స్‌లోనే ఉండాలి, వారికి ఇంటి భత్యమూ రాదు. కొన్న ఇంట్లో మామూలుగా 60 రోజుల్లోపు కాపురం పెట్టాలన్నది ఈ రుణానికి ముఖ్యమైన షరతు కనుక, అలాంటివారికి ఇది కుదరడం కష్టం. సుబేదారు గారి అబ్బాయికి పెళ్లయింది కనుక ఆ చిక్కు లేదు. అతను విదేశీ విధులకు వెళ్లినా, భార్య ఆ ఇంట్లో ఉంటే షరతు నెరవేరినట్లే.

డౌన్ పేమెంట్ లేకపోయినా ఖర్చు లేదనుకోకూడదు. మొదటిసారి వాడుకునేవారు డౌన్ పేమెంట్ లేకుండా తీసుకుంటే అప్పు మొత్తం మీద 2.15 శాతం వీఏకు ఫండింగ్ ఫీ అనే రుసుము కట్టాలి; 4,00,000 డాలర్ల అప్పుకు అది 8,600 డాలర్లు. దాన్ని అప్పులోనే కలిపేయవచ్చు, చాలామంది అలాగే కలిపేసి 30 ఏళ్లపాటు దాని మీదా వడ్డీ కడతారు. ధరలో 5 శాతం ముందే చెల్లించగలిగితే ఆ ఫీ 1.5 శాతానికి తగ్గుతుంది. సైనిక సేవలో కలిగిన గాయానికో జబ్బుకో వీఏ పరిహారం పొందుతున్నవారికి ఈ ఫీ పూర్తిగా మాఫీ. మోకాలి నొప్పిని చెప్పుకోవడం నామోషీ అనుకుని ఎన్నడూ కాగితం మీదికి ఎక్కించని మనవాళ్లను నేను చూశాను.

బ్యాంకు చూసేది జీతం ఒక్కటే కాదు. పన్నులూ ఇంటి వాయిదా, ఇతర అప్పులూ పోగా చేతిలో మిగిలే మొత్తాన్ని వీఏ ప్రత్యేకంగా లెక్కించమంటుంది. 80,000 డాలర్లు, అంతకు మించిన అప్పుకు, టెక్సస్ ఉన్న దక్షిణ ప్రాంతంలో నలుగురి కుటుంబానికి నెలకు 1,003 డాలర్లు మిగలాలన్నది అందులో కొలమానం. మనవాళ్లు తడబడేది ఇక్కడే. హైదరాబాద్‌లో ఫ్లాటు మీద కడుతున్న వాయిదా అమెరికా క్రెడిట్ రిపోర్టులో కనబడదు కదా అని దరఖాస్తులో దాచేస్తారు. ఆ దరఖాస్తులో అబద్ధం నేరం; పైగా సైనికుడికి సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూడటానికి ఇచ్చే అనుమతి) ప్రశ్నపత్రంలో విదేశీ ఆస్తుల గురించి విడిగా అడుగుతారు కాబట్టి, ఒకచోట ఉన్న ఫ్లాటు ఇంకోచోట లేకపోతే ఇంటితోపాటు ఉద్యోగమూ ప్రమాదంలో పడుతుంది. టెక్సస్‌లో మరో మెలిక ఉంది. అది భార్యాభర్తల సంపాదనను ఉమ్మడిగా పరిగణించే రాష్ట్రం కావడం వల్ల, రుణంలో భార్య పేరు లేకపోయినా ఆమె అప్పులను కూడా లెక్కలోకి తీసుకుంటారు. కోడలు ఎమ్మెస్ చదువు కోసం ఇండియాలోని బ్యాంకులో తీసుకున్న విద్యారుణం ఇంకా తీరలేదని సుబేదారు గారు అప్పుడు చెప్పారు.

నా తప్పు ఒకటి చెప్పాలి. ఇంటి కొనుగోలు పూర్తయ్యేటప్పుడు కట్టాల్సిన ముగింపు ఖర్చుల కోసం మా నాన్నగారు ఘట్‌కేసర్ వైపు ప్లాటు అమ్మి పంపిన సొమ్ము, అది తిరిగి ఇవ్వనక్కరలేని కానుక అని తెలిపే ఉత్తరం లేకుండా నా ఖాతాలో పడింది. ఆ డబ్బు ఎక్కడిదో రుజువు చేయడానికి ఆయన బ్యాంకు స్టేట్‌మెంటూ అమ్మకం దస్తావేజూ తెప్పించి, తెలుగు భాగాలను అనువాదం చేయించి ఇచ్చేసరికి రిజిస్ట్రేషన్ మూడు వారాలు వెనక్కి జరిగింది.

తూర్పు ముఖం ఇల్లే కావాలని బిల్డరుకు అదనంగా ఇచ్చే సొమ్మును గురించి కూడా హెచ్చరించాలి. వీఏ నియమించిన మదింపుదారు చుట్టుపక్కల అమ్మకాలనే చూస్తాడు, వాస్తును కాదు. అతను వేసిన విలువ ఒప్పుకున్న ధర కంటే తక్కువైతే, ఆ తేడాను మన జేబులోంచి పెట్టుకోవాలి, లేదా బయానా పోకుండా ఒప్పందం నుంచి తప్పుకోవాలి. ఆ రెండో హక్కును వీఏ నిబంధనలే ఇస్తాయి, దాన్ని వాడుకోవడానికి మొహమాటపడకూడదు.

చివర్లో సుబేదారు గారు, “బాబూ, ఆ అప్పుతో ఇక్కడ యాప్రాల్‌లో ఫ్లాటు కొనే వీలు లేదా?” అని అడిగారు. లేదు, ఇల్లు అమెరికాలో గాని, దాని అధీనంలోని భూభాగాల్లో గాని ఉండాలి. బదిలీ అయితే మాత్రం ఫోర్ట్ హుడ్ దగ్గరి ఇంటిని అద్దెకు ఇచ్చుకోవచ్చు. మిగిలిన అర్హతను బట్టి కొత్త ఊళ్లో మరో వీఏ రుణానికీ వెళ్లవచ్చు. ఆ రాత్రే అబ్బాయికి ఫోన్ చేసి, ఇళ్లు చూడటం ఆపి ముందు తన యూనిట్ నుంచి సేవా ధ్రువపత్రం తీసుకుని, వీఏ అర్హతపత్రానికి దరఖాస్తు పెట్టమనీ, విద్యారుణం తాజా కాగితాలు కోడలి చేత తెప్పించమనీ చెప్పాను.